నల్లపొయ్యికి కొత్తనిప్పు

రసాయనశాస్త్రం బోధించినన్నాళ్ళూ నేను ప్రతి ఏటా ఒక మాటను ఒకే తీరులో చెప్పి, తరగతిలోని ప్రతి బాలిక చేతా తిరిగి చెప్పించుకొనేదాన్ని. హైడ్రోజన్ సల్ఫైడు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. ఆ వాసన తెలుస్తున్నంతసేపూ తప్పుకోవడానికి వ్యవధి ఉంటుంది. వాయువు చిక్కబడితే అది మొదట ముక్కును చంపుతుంది, తరువాతనే మనిషి జోలికి వస్తుంది. కనుక వాసన ఆగిపోవడాన్ని క్షేమమని ఎన్నడూ అనుకోరాదు. పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. ఏజెన్సీ ఆశ్రమ కళాశాలలో నా దగ్గర చదివిన గిరిజన బాలికలలో దానికి జవాబు తప్పు రాసినవారు నాకు గుర్తున్నంతవరకు లేరు.

వారిలో ఒకామె ఇప్పుడు అరకులోయకు ఎగువన, కొండ భుజం మీది తన అత్తవారి ఊళ్ళో కాఫీ పల్పింగు కేంద్రాన్ని నడుపుతున్నది. ఊరి ఆడవాళ్ళ సంఘానిదే ఆ కేంద్రం. పండిన కాఫీ పండ్లను యంత్రంలో పోసి తొక్క తీస్తారు. జిగురు పట్టిన గింజలను తొట్టెలో పులియబెట్టి, జిగురు వదిలాక కడిగి, కళ్ళంలో ఆరబెడతారు. పులియడాన్ని ఏ ఘడియలో ఆపాలన్నదే ఆ పనికి ప్రాణం. తొందరపడితే జిగురు వదలదు. ఆలస్యమైతే గింజకు ఉల్లిపాయ కంపు పట్టి, ఎంత వేయించినా పోదు. ఇతర కేంద్రాలలో కర్ర గుచ్చి చూస్తారు. ఈమె తొట్టె అంచు మీదికి వంగి ఒక్కసారి గాలి పీల్చి చెబుతుంది.

"పండిన పనసతొన వాసన దాటాల, పుల్లమజ్జిగ వాసన ఇంకా మొదలవకూడదు. ఆ సందులో కడిగీయాల, మేడం" అని ఒకసారి నాకు వివరించింది. నా ఎదుట మాటలను సరిగా పలకాలని ఆమె ఇప్పటికీ ప్రయత్నిస్తుంది; తొందరలో ఊరి పలుకుబడి వచ్చేస్తుంది. నేను కూడా అంచు మీదికి వంగి చూశాను. నాకు రెండు వాసనలూ ఒకటిగానే తోచాయి. ఆ కొండ కాఫీకి విదేశాలలో వచ్చిన పేరు ఆమె ముక్కు మీద నిలబడి ఉన్నదని చెబితే అతిశయోక్తి కాదు.

పదవీ విరమణ తరువాత నేను మైదానానికి తిరిగి పోలేదు. శృంగవరపుకోట ఎండలకన్న అరకు చలి నాకు నయమనిపించింది. చిన్న ఇల్లు కట్టుకొని, వేళకు లేచి, వేళకు తిని, వేళకు పడుకొనే జీవితాన్ని ఏర్పరచుకొన్నాను. ఆ క్రమంలోకి ఒకనాడు కాఫీ కొనే కంపెనీ ఇంజనీరు ఒకడు వచ్చాడు. విశాఖపట్నం కుర్రవాడు, మాట మృదువు, బూట్లకు బురద. తనకు ఒక శాస్త్రం తెలిసిన మనిషి కావాలని, వారానికి ఒకమారు ఆ ఊరికి వెళ్ళి కొన్ని కొలతలు తీయాలని, నా విద్యార్థిని నా పేరు చెప్పిందని అన్నాడు.

కొలతలు ఎందుకో అతడు ఊరి కళ్ళంలోనే వివరించాడు. ఆడవాళ్ళంతా గింజలు ఏరుతూ విన్నారు. కంపెనీ రెండు దేశాల కొండలలో కాఫీ కొంటున్నది, ఒకటి మనది, మరొకటి కొలంబియా. పండు తొక్క తీసిన దగ్గరనుంచి గింజ ఆరేవరకు ఏ దేశంలో భూమిని వేడెక్కించే వాయువులు ఎక్కువగా వెలువడుతున్నాయో పక్కపక్కన రెండు వరుసలుగా రాసి పోల్చదలచుకొన్నది.

సంఘంలోకెల్లా పెద్దది, పళ్ళు లేని ఒక ముసలామె చేటను పక్కన పెట్టి అడిగింది. "మా కాఫీకీ ఆళ్ళ కాఫీకీ కుస్తీ ఎడతన్నారేటి, బాబూ?"

"కుస్తీ కాదు మామ్మా, కొలత. గాలిలోకి ఎవరెంత వేడి వదులుతున్నారో చూస్తాం."

"సలికి సచ్చిపోతన్నాం. కూసింత ఏడొదిల్తే పున్నెమే గదా!"

కళ్ళమంతా నవ్వింది. ఇంజనీరు కూడా నవ్వాడు గానీ, తరువాత చెప్పిన మాటలకు నవ్వు నిలవలేదు. కొలంబియాలో చాలాచోట్ల గింజలను నూనె, కట్టె మండించే యంత్రాలలో ఆరబెడతారట. మనం ఎండకు ఆరబెడతాం కనుక ఆ పద్దులో మనదే పైచేయి. కానీ కడిగిన నీళ్ళను, తొక్కలను మనం నోరు తెరిచిన గుంటలో పోస్తున్నాం. అందులో కుళ్ళి పుట్టే మీథేను కంటికి కనబడకుండా పైకి పోతున్నది. ఎండ మనకు మిగిల్చినదంతా ఆ గుంట ఒక్కటే తినేస్తున్నది.

"మన వరుస తగ్గకపోతే?" అని నా విద్యార్థిని అడిగింది.

"పండ్లు ఇక్కడ కొంటాం. కానీ పల్పింగు కింద మైదానంలో పెద్ద ఫ్యాక్టరీలో చేసుకుంటామంటున్నారు. లేదా మొత్తం కొలంబియాలోనే కొనేస్తారు."

పండ్లు లారీ ఎక్కి కిందికి పోతే ఆ తొట్టెలు, ఆ కళ్ళం, వాటిని ఏలుకొంటున్న ఆమె చేతి పని అన్నీ పోతాయి. ఆమె చేతిలోని గింజను గోటితో చీల్చుతూ కూర్చున్నది.

ఆ చలికాలం ముగిసేలోగా గుంట మీద నల్లని రబ్బరు షీటు పరిచి, అంచులను మట్టిలో పూడ్చి, రాళ్ళు పేర్చారు. మీథేనులో కొంత హైడ్రోజన్ సల్ఫైడు కలిసి షీటు కింద చేరిన వాయువు ఒక గొట్టం గుండా పక్కనున్న ఆరబెట్టే గది పొయ్యికి వచ్చి మండుతుంది. పొగమంచు రోజులలో గింజలకు ఆ వేడి కావాలి. రెండవది రబ్బరు గొట్టం. దాని కొన నీళ్ళ డ్రమ్ములో మునిగి ఉంటుంది. వాయువు మితిమీరితే నీళ్ళలో బుడగలుగా బయటపడి, షీటు పగలకుండా కాపాడుతుంది. ఏర్పాటు సక్రమంగా ఉన్నది. నేను పరిశీలించి సరేనన్నాను.

"మంట ఆరకుండా చూసుకోండి. మండినదంతా మనకు లాభం, బుడగలుగా పోయినదంతా మన వరుసలో పడుతుంది. ఒక్క బుడగ కూడా ఊరికే పోదు" అని ఇంజనీరు నా విద్యార్థినికి చెప్పాడు. ఆమె తల ఊపింది. తరగతిలో ముఖ్యమైన వాక్యం విన్నప్పుడు ఊపినట్టే ఊపింది.

మొదటిసారి వెలిగించిన రోజున అతడు జేబులోంచి లైటరు తీశాడు. ఆ ఊరి దిశారి చెయ్యి అడ్డం పెట్టాడు. దిశారి అంటే మంచిచెడ్డ రోజులు చూసి పండగలు నిర్ణయించే పెద్ద; ఆయన నా విద్యార్థినికి మామగారు కూడా.

"ఎవులింటి నిప్పది?" అన్నాడాయన.

"లైటరండీ."

"లైటరుకి ఇల్లెక్కడిది?"

ఇంజనీరు లైటరును మళ్ళీ జేబులో పెట్టుకొన్నాడు. ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు. చివరికి కోడలి ఇంటి పొయ్యిలోంచి నిప్పు తెచ్చి వెలిగించారు. దిశారి ఇటుకలకు పసుపు రాసి, కోడిని కోసి, "ఇంక ఇది ఊరి పొయ్యే" అన్నాడు. దానికి నల్లపొయ్యి అని పేరు పడింది. ఇంజనీరు ఫోటో తీసుకొన్నాడు. ఒక వస్తువును ఒక తరగతిలో చేర్చిన తరువాత ఆ తరగతికి ఉన్న నియమాలన్నీ దానికీ వర్తిస్తాయి. ఈ సంగతి నాకు ఆనాడే తట్టింది. ఏ నియమాలో మాత్రం తట్టలేదు.

ఏడాది గడిచింది. మంట నిలకడగా మండింది. నేను ప్రతివారం జీపులో మలుపు దాకా వెళ్ళి, అక్కడినుంచి నడిచి ఎక్కి, గొట్టం మీది మీటరు చూసి రాసుకొని వచ్చేదాన్ని. మన వరుస తగ్గుతూ వచ్చింది. నా విద్యార్థిని ప్రతివారం ఒకే ప్రశ్న అడిగేది: "మనం ఎక్కడున్నాం మేడం, ఆళ్ళు ఎక్కడున్నారు?" సముద్రాల అవతలి కొండలలో తనవంటి ఒక ఆడమనిషి ఇదే పొయ్యి ముందు కూర్చొని తనను గెలవడానికి ఊదుతున్నట్టు మాట్లాడేది.

పుష్యమాసంలో ఆ ఊరి దేవతకు పండగ చేస్తారు. ఒక సాయంకాలం ఊళ్ళోని పొయ్యిలన్నిటినీ నీళ్ళు చల్లి ఆర్పివేస్తారు. మరునాడంతా చల్లని చోడంబలి, అంటే రాగి అంబలి, తాగి ఉంటారు. ఆ మరునాడు పొద్దెక్కాక దేవత రాళ్ళ దగ్గర ఎండు వెదుళ్ళు రాపాడించి కొత్తనిప్పు పుట్టించి, కాగడా మీద ఇంటింటికీ తెస్తారు. ఏ పొయ్యి ఏలుకొనే ఆడమనిషి ఆ పొయ్యి ముందుకు ఎదురు వచ్చి, కాగడా అందుకొని తానే వెలిగించుకోవాలి. బయలుదేరిన నిప్పు వెనక్కి తిరగరాదు. దారిలో ఆరితే ఏడాదంతా ఊరికి కీడు. ఆ రోజులలో కుళ్ళు వాసన ఊరి గాలిలో ఉంటే దేవత ముఖం తిప్పుకొంటుందని కూడా అంటారు. ఇదంతా నేను విన్నదే. కానీ పండగ ఏ రోజున పడుతుందో దిశారి నిర్ణయిస్తే గాని ఊరికే తెలియదు. కిందనున్న నాకు ఎవరు చెబుతారు?

ఆ వారం నేను జీపు దిగేసరికి మంచు దట్టంగా కమ్మి ఉన్నది. సిల్వరోకు చెట్ల మొదళ్ళు కనబడుతున్నాయి, పైభాగాలు లేవు. నడక మొదలుపెట్టిన కాసేపటికి ఏదో లోపించినట్టు అనిపించి నిలబడ్డాను. కట్టెల పొగ వాసన లేదు. చలికాలపు ఉదయాన ఆ దారిలో ఇల్లు కనబడకముందే పొగ వాసన ఎదురు వస్తుంది. ఆ రోజు ఊరు ఉన్నదో లేదో తెలియనట్టు గాలి చల్లగా, ఖాళీగా ఉన్నది.

గెడ్డ అనే కొండవాగును దాటే పల్లంలో మాత్రం కుళ్ళిన గుడ్డు వాసన బరువుగా నేలను అంటుకొని ఉన్నది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని ఎక్కాను. పల్పింగు కేంద్రం దగ్గరపడుతున్నకొద్దీ ఆ వాసన పెరగాలి. గుంటకు పక్కగా పోయే కాలిబాట మీద అది చటుక్కున తెగిపోయింది.

నేను వెంటనే వెనుదిరిగి, గట్టు ఎక్కి, ఎత్తుగా ఉన్న కళ్ళం మీదికి చేరాను. ముసలామె, మరి ఇద్దరు ఆడవాళ్ళు అక్కడ తలంట్లు పోసుకొని కూర్చొని ఉన్నారు.

"రండి మేడం, పండగపూట బేగొచ్చీసేరు. సూసేరా దేవత దయ? మొన్నటేలకి ముక్కు మూసుకుని కూకున్నాం. ఇయ్యాల గుంట కాడకెళ్తే వాసనే నేదు!"

"మీరు గుంట దగ్గరికి వెళ్ళారా?"

"కోడొకటి రానేదు. ఎతకడానికెళ్ళేను. తలనొప్పొచ్చీసి తిరిగొచ్చీసేను."

కళ్ళం అంచునుంచి కిందికి చూశాను. నల్లని షీటు నిండుచూలి గేదె పొట్టలాగా పొంగి, మంచులో తడిసి మెరుస్తున్నది. అంచున పేర్చిన రాళ్ళు రెండు మూడు చోట్ల పక్కకు దొర్లి ఉన్నాయి. ఒక రాయి పక్కన కోడి పడి ఉన్నది. రెక్కలు చెదరలేదు, నెత్తురు లేదు. నీళ్ళ డ్రమ్ములోకి పోయే రబ్బరు గొట్టాన్ని ఎవరో మడిచి, అడ్డతీగ నారతో బిగించి కట్టారు.

నా విద్యార్థిని కొత్తచీర కట్టుకొని, పసుపు రాసుకొన్న పాదాలతో, నల్లపొయ్యికి దిగే మెట్ల దగ్గర కాగడా కోసం ఎదురుచూస్తున్నది. పైకి రమ్మని పిలిచాను. వచ్చింది.

"మంట ఎవరు ఆర్పారు?"

"నానే, మేడం. ఊరి పొయ్యి కదా. అన్నిటితోబాటు మొన్న సాయంకాలం కుళాయి తిప్పీసి ఆర్పేను."

"గొట్టం ఎవరు కట్టారు?"

ఆమె తలవంచుకొన్నది. "డ్రమ్ములో బుడగలు ఆగకుండా వస్తన్నాయి. ఈవారం పండ్లు శానా వచ్చేయి, గుంట నిండిపోనాది. ఒక్కో బుడగా మన వరసలో పడతాదని బాబు సెప్పేడు కదా, మేడం. పైగా పండగరోజుల్లో ఆ కంపు... రెండు రోజులే కదా అని కట్టేసేను."

"పీడనం గురించి నువ్వు చదువుకోలేదా?"

"సదివేను. షీటు కొత్తది, ఆగుతాది అనుకున్నాను. గాలి తగలందే ఏదీ మండదని మీరే సెప్పేరు. లోపల గాలి నేదు."

ఆమె తర్కంలో క్రమం ఉన్నది. ప్రతి మెట్టూ పాఠంలోదే. లోపలిది లోపలే ఉన్నదనుకొన్న ఒక్క మెట్టు తప్పింది. ఆచారం మంటను ఆర్పమన్నది. పోటీ గొట్టాన్ని కట్టమన్నది. ఈ రెండూ ఒకే మనిషి చేతిలో కలిశాయి.

"అది అంచుల కింద నుంచి బయటికి వస్తోంది. నువ్వు అక్కడికి కాగడా పట్టుకొని దిగబోతున్నావు" అన్నాను.

ఆమె గాలి పీల్చి చూసింది. "బయటికొస్తే వాసన రావాల కదా, మేడం? నాకు పొద్దున్నుంచీ ఏ వాసనా నేదు."

ఆ ముక్కు నుంచి ఆ మాట విన్నాక ఆమె చెయ్యి పట్టుకొని మెట్లకు దూరంగా లాగాను.

"ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడ్డావు?"

"తెల్లారి ఊడ్చి, పసుపు పెట్టి, అక్కడే ఉన్నాను."

"రెండు మార్కుల ప్రశ్న చెప్పు" అన్నాను.

ఆమె నోరు తెరిచింది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన, అని మొదలుపెట్టింది. సగంలో ఆగిపోయింది. ఆమె ముఖంలో రక్తం దిగిపోవడం పసుపు కిందనుంచి కూడా నాకు కనబడింది.

అప్పుడే పైనుంచి తుడుం మోత వినిపించింది. మంచులో ఎర్రని మరక ఒకటి ఇంటి నుంచి ఇంటికి జరుగుతూ దిగుతున్నది. ప్రతి ఇంటి ముందూ ఒక క్షణం నిలిచి, మళ్ళీ కదులుతున్నది. వరుసలో చివరిది నల్లపొయ్యి. దానికి పైన ఉన్నది నా విద్యార్థిని ఇల్లు.

నేను దారికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను. ముందు దిశారి, వెనుక కాగడా పట్టిన మనిషి, ఆ వెనుక తుడుం.

"ఇక్కడితో ఆపండి. గుంటలోంచి మండే వాయువు కారుతోంది. నిప్పు దిగితే దాన్ని పట్టుకొన్న మనిషి మిగలదు."

దిశారి నన్ను కోపం లేకుండానే చూశాడు. "బయల్దేరిన నిప్పు ఎనక్కి తిరగదు, పంతులమ్మా."

"వెనక్కి తిప్పమనడం లేదు. నిలపమంటున్నాను."

"నిలిపితే ఆరిపోతాది. పొయ్యి అని నానే నిలబెట్టేను దాన్ని. నిలబెట్టిన పొయ్యికి నిప్పు తేకపోతే ఊరి నోట్లో మట్టే."

"అది వాయువు. మంటకు అందితే..."

"గేసు సంగతి నాకు తెల్దు. దేవత సంగతి నీకు తెల్దు. ఎవుల పని ఆళ్ళం సేద్దాం. తప్పుకోండి."

మీథేను గురించి నాకు తెలిసినదంతా ఆ ఇరుకుబాట మీద ఎందుకూ కొరగాలేదు. కాగడా నుంచి కారిన నూనె నా పాదాల దగ్గర పడుతున్నది. వెనుక నుంచి నా విద్యార్థిని గొంతు వినిపించింది. తన భాషలో, ఆదివాసీ ఒరియాలో, మామగారికి ఏదో చెప్పింది. అందులో కోడి అన్న మాట ఒక్కటే నాకు అర్థమైంది.

దిశారి కళ్ళం అంచుకు నడిచి కిందికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎవులు కోసేరు దాన్ని?"

"ఎవులూ కొయ్యనేదు. అక్కడే పడి సచ్చిపోనాది" అన్నది ముసలామె. అప్పుడామె గొంతులో నవ్వు లేదు.

నెత్తురు చిందకుండా పొయ్యి ముందు ప్రాణం పోవడం ఆ ఊరి లెక్కలో మైల. దేవత తీసుకోని ప్రాణం అది. దిశారి చేతికర్రతో దారి మీద అడ్డగీత గీశాడు. "ఈ పొయ్యి మైలపడ్డాది. కొత్తనిప్పు దీనికి నేదు. కోడలింట్లో దింపండి" అన్నాడు. కాగడా పైకి కాక, కిందికి కాక, పక్కకు తిరిగి ఆమె ఇంట్లోకి వెళ్ళింది. ఆ ఇల్లు గుంటకు చాలా ఎత్తున ఉన్నది. నేను నా లెక్క కూడా వేసుకొని, పరవాలేదనుకొన్నాను. ఆమె కాగడా అందుకొన్నది; నిప్పు పొయ్యిలోకి దిగింది. తుడుం ఆగింది.

అంతవరకు జరిగినది క్రమంగానే జరిగింది. ఇక గొట్టాన్ని విప్పాలి. దానికి గాలివాలు చూసుకోవాలి, పొడుగాటి వెదురుకు కొడవలి కట్టి దూరంనుంచి నారను తెంపాలి. నేను వెదురు తెమ్మని ఆడవాళ్ళకు చెబుతూనే ఉన్నాను.

"నాను కట్టిన ముడి, మేడం" అన్నమాట వినబడి తిరిగి చూసేసరికి ఆమె మెట్లు దిగిపోయింది.

డ్రమ్ము పక్కన వంగి, రెండు చేతులతో నారను లాగింది. ముడి వదిలింది. నీళ్ళు ఒక్కసారిగా పొంగి డ్రమ్ము అంచులు దాటాయి. ఆమె లేచి నిలబడబోయి, దేన్నో పట్టుకోవాలని చెయ్యి చాచి, చప్పుడు లేకుండా పక్కకు ఒరిగిపోయింది. కోడి పడిన తీరునే పడింది.

ఎవరూ దిగవద్దని నేను అరిచాను. అరవడం సరైన పనే. ఒకరి వెనుక ఒకరు దిగి అందరూ పోయిన గుంటల గురించి నాకు తెలుసు. కానీ ఇద్దరు ఆడవాళ్ళు అప్పటికే కొంగులు తడిపి ముఖాలకు చుట్టుకొన్నారు. వారిని ఆపడం నా వల్ల కాదని తెలిసి, "ఊపిరి బిగబట్టండి, లోపల పీల్చకండి, పట్టుకొని ఎత్తకండి, ఈడ్చుకురండి" అని మాత్రం చెప్పాను. వారు ఆ కొత్తచీర కుచ్చెళ్ళు పట్టి ఆమెను రాళ్ళ మీదుగా గట్టు పైకి ఈడ్చుకొచ్చారు. పెదవులు నీలంగా ఉన్నాయి. నేను ఆమె గడ్డం ఎత్తి పట్టుకొన్నాను. మంచులో ఆమె నోటి ఆవిరి కనబడేవరకు వదలలేదు.

అరకు ఆసుపత్రిలో ఆమె కోలుకొన్నది. గుంట ఆ రోజంతా బుసకొట్టి, సాయంకాలానికి షీటు ముడతలు పడింది.

మరుసటి వారం ఇంజనీరు వచ్చాడు. ముందుగా ఆమెను చూడడానికి వెళ్ళాడు, అది అతని మర్యాద. తరువాత నా ఇంటికి వచ్చి, కుర్చీ అంచున కూర్చొన్నాడు.

"ఆ వారం కొలతలు వదిలేద్దాం మేడం. అసాధారణ పరిస్థితి అని రాస్తాను."

"పండగ ఏటేటా వస్తుంది. ఏటేటా వచ్చేది అసాధారణం ఎలా అవుతుంది?"

"అక్కడివాళ్ళూ ఇలాంటివి వదిలేసే ఉంటారు కదా."

"ఉంటారా? ఉన్నారా?"

అతడు టీ గ్లాసు కింద పెట్టాడు. "అడగలేదు మేడం" అన్నాడు.

బయటికి పోయిన వాయువును నేను అంచనా కట్టి రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. కంపెనీవారు దానిని పక్కన పెట్టారు. పోలికలో మన వరుసే చిన్నదని తేలింది. పల్పింగు ఆ ఊళ్ళోనే ఉంటుంది. కళ్ళంలో మిఠాయిలు పంచారు. మన పద్ధతి బాగుందని, పాడేరు వైపు, పాచిపెంట కొండలలోను ఇటువంటి గుంటలే మూయబోతున్నారని ఇంజనీరు ఉత్సాహంగా చెప్పాడు. ఆ ఊళ్ళకూ పండగలు ఉంటాయి, వాటికి నిప్పు నియమాలు ఉంటాయి. అవి ఏమిటో అడిగి తెలుసుకొన్నావా అని అడిగాను. భద్రత గురించి తెలుగులో ఒక బోర్డు పెడతామన్నాడు. ఆ ఊళ్ళలో చాలావరకు ఇళ్ళలో మాట్లాడేది తెలుగు కాదు.

మన ఊరిలో రబ్బరు గొట్టానికి బదులు ఇనుప గొట్టం పెట్టించాను. మడిచి కట్టడానికి వీలులేదు. అయితే దిశారి మైల తీర్చి, కోడలి పొయ్యిలోని నిప్పుతోనే నల్లపొయ్యిని మళ్ళీ ఊరి పొయ్యిలలో చేర్చాడు. కనుక వచ్చే పుష్యానికీ దానిని ఆర్పుతారు. ఇనుప గొట్టానికి మూత బిగించడం కష్టమైన పని కాదు. ముసలామె ఇప్పటికే ఆ మాట ఒకసారి అన్నది, నవ్వుతూనే.

నా విద్యార్థినికి వాసన తిరిగి రాలేదు. కొంతకాలానికి రావచ్చునని డాక్టరు చెప్పాడు. ఆ కొంతకాలం ఎంతో ఆయన చెప్పలేదు. ఇప్పుడామె కూడా తొట్టెలో కర్ర గుచ్చి చూస్తున్నది. మొన్న ఒక తొట్టె ఉల్లిపాయ కంపు పట్టి పాడైతే, గింజలు పంపిన తరువాత గాని ఆమెకు తెలియలేదు.  ఆమె ఆ రోజు భోజనం చేయలేదని తరువాత విన్నాను.

ఈ వారం వెళ్ళినప్పుడు మంచు మళ్ళీ దిగింది. మంట నీలంగా మండుతున్నది. పండ్లు విపరీతంగా వస్తున్నాయి; షీటు కొద్దిగా పొంగి ఉన్నది. ఆమె గుంట పక్కన నాకన్న దిగువన నిలబడి, మీటరు మీది తడి తుడిచి, నేను రాసుకొనేవరకు ఆగింది. మనమెక్కడ, వాళ్ళెక్కడ అని అడగడం మానేసింది.

"వాసనొస్తందా, మేడం?" అన్నది.

నిలబడి గాలి పీల్చాను. ఈ వయసులో నా ముక్కు మీద నాకు మునుపటి నమ్మకం లేదు. అయినా పల్చగా, కుళ్ళిన గుడ్డు వాసన తెలిసింది.

"వస్తోంది" అన్నాను.

ఆమె ఊపిరి వదిలింది. "రావడం ఆగితే సెప్పండి."

చెబుతానన్నాను. సంచీ భుజాన వేసుకొని దిగి వచ్చాను. నేను ఆ ఊరికి వారానికి ఒక్కరోజే వెళతాను.